కొత్త క్యామ్‌కార్డర్ చీకట్లో ఎలా పనిచేస్తుందో పరీక్షించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లకు వీడియో తీస్తాను. మన పెళ్లి ముహూర్తాలు ఎక్కువగా రాత్రి పూటే పడతాయి. పగటి వెలుతురులో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. అసలు సంగతి రాత్రి రెండింటికి, మండపం లైట్లకు పది అడుగుల అవతల తెలుస్తుంది. కొత్తగా క్యామ్‌కార్డర్ కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. పెళ్లి పని చేసేవాళ్లకే కాదు, ఇంట్లో పిల్లల పుట్టినరోజు తీసుకునేవాళ్లకు కూడా ఈ పద్ధతి సరిపోతుంది.

పెట్టె మీద "కనీస వెలుతురు ఇన్ని లక్స్" అని రాసి ఉంటుంది కదా, ఇంకా పరీక్ష ఎందుకు?

ఆ అంకె మీకు కావలసిన జవాబు చెప్పదు కాబట్టి. ముందు లక్స్ అంటే ఏమిటో చూద్దాం. చీకటి గదిలో ఒక కొవ్వొత్తి వెలిగించి, దానికి ఒక మీటరు దూరంలో కాగితం పట్టుకుంటే, ఆ కాగితం మీద పడే వెలుతురు సుమారు 1 లక్స్. కంపెనీ "1 లక్స్" అని రాసిందంటే, అంత వెలుతురులో తెర మీద ఏదో ఒక బొమ్మ కనబడుతుందని అర్థం. ఆ బొమ్మలో పెళ్లికూతురి ముఖం గుర్తుపట్టేలా ఉంటుందా, చీర రంగు నిలుస్తుందా అన్న హామీ అందులో లేదు.

ఆ అంకె పక్కనే చిన్న అక్షరాల్లో షట్టర్ 1/25 అనో, ఫలానా మోడ్‌లో అనో ఉంటుంది. షట్టర్ అంటే ఒక్కో ఫ్రేముకు సెన్సర్ వెలుతురు పట్టే సమయం, ఇక్కడ సెకనులో 25వ వంతు. అది తప్పకుండా చదవండి. ఒక కంపెనీ గెయిన్ (సిగ్నల్‌ని సాగదీసి బొమ్మని వెలుగ్గా చూపించే సెట్టింగు) చివరిదాకా పెంచి కొలుస్తుంది, ఇంకో కంపెనీ షట్టర్ వేగం తగ్గించి కొలుస్తుంది. అందుకే రెండు కంపెనీల లక్స్ అంకెలు పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అని తేల్చలేం.

ఇంతకీ ఎంత వెలుతురుని "తక్కువ" అనుకోవాలి?

ఆఫీసు గదుల్లో మామూలుగా 300 నుంచి 500 లక్స్ దాకా ఉంటుంది. ట్యూబ్‌లైట్ వేసిన ఇంటి హాల్లో 50 నుంచి 150 మధ్య. వీధి దీపం కింద 5 నుంచి 20. పున్నమి వెన్నెల చాలామంది అనుకున్నంత ఉండదు, పావు లక్స్ ఉంటే గొప్ప. మన కన్ను చీకటికి అలవాటు పడుతుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు, కెమెరాకు తెలుస్తుంది.

క్యామ్‌కార్డర్ల మీద రివ్యూలు రాసేవాళ్లు చాలాకాలంగా 60 లక్స్‌లో ఒకసారి, 15 లక్స్‌లో ఒకసారి పరీక్షించేవారు. నేనూ ఆ రెండు మెట్లే పట్టుకుని, కింద 4 లక్స్ అని మూడో మెట్టు కలుపుకున్నాను. నాలుగే ఎందుకో కింద చెబుతాను.

లక్స్ మీటర్ కొనాలా?

పెద్ద ఖరీదైనది అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వెలుతురు కొలిచే సెన్సర్ ఉంటుంది, ఉచిత యాప్ ఒకటి వేసుకుంటే చాలు. ఖచ్చితమైన అంకె రాకపోవచ్చు. కానీ రెండు కెమెరాలనీ అదే ఫోన్‌తో, అదే చోట కొలిస్తే పోలికకు పనికొస్తుంది. ఫోన్‌ని కెమెరా దగ్గర కాదు, వస్తువు దగ్గర పెట్టి, తెర బల్బు వైపు తిప్పి చూడండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

పరీక్షకు గది ఎలా సిద్ధం చేసుకోవాలి?

రాత్రి ఎనిమిది దాటాక, కిటికీలు మూసి, పక్క గది లైట్లు కూడా ఆర్పేయండి. టీవీ స్టాండ్ మీద, రౌటర్ మీద మినుకుమినుకుమనే చిన్న లైట్లకు గుడ్డ కప్పండి. ఒకే ఒక్క చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. 3 వాట్లది సరిపోతుంది. దాన్ని హోల్డరుతో సహా ఎక్కడికైనా జరపగలిగేలా వైరు పొడుగ్గా పెట్టుకోండి.

డిమ్మర్‌తో వెలుతురు తగ్గించకండి. తగ్గించినకొద్దీ కొన్ని ఎల్‌ఈడీలు మినుకుతాయి, పాతకాలపు బల్బులైతే ఎర్రబడతాయి. అప్పుడు మనం చూస్తున్నది కెమెరా తప్పో బల్బు తప్పో తెలియదు. దానికి బదులు బల్బుని దూరం జరపండి. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. అంటే వస్తువు మీద 60 లక్స్ పడేచోట బల్బు పెట్టి, దూరం రెట్టింపు చేస్తే 15, ఇంకోసారి రెట్టింపు చేస్తే 4కి దగ్గరగా వస్తుంది. నా మూడు మెట్లు అలా వచ్చినవే. గోడలకు తెల్ల సున్నం ఉంటే వెలుతురు తిరిగి కొట్టి లెక్క కొంచెం తప్పుతుంది. అందుకే ప్రతిసారీ ఫోన్‌తో కొలుచుకోవాలి.

ఇక బల్ల మీద పెట్టాల్సినవి. నల్ల గొడుగు గుడ్డ, తెల్ల పంచె, జరీ అంచున్న పట్టుచీర, కుంకుమ బరిణె, పసుపు, ఒక దినపత్రిక. వీటి పక్కన ఒక మనిషి కూర్చోవాలి. నాకు మా ఆవిడ కూర్చుంటుంది. మనిషి లేకుండా చేసిన పరీక్ష సగం పరీక్షే. కెమెరా పరీక్షకు వాడే చార్టు మీద గీతలు ఎంత బాగా వచ్చినా, చామనచాయ ముఖం మీద చెంప దగ్గర మచ్చలు మచ్చలుగా వస్తే ఆ కెమెరా పెళ్లికి పనికిరాదు. నల్ల గుడ్డ మీద ముడతలు కనబడుతున్నాయా, తెల్ల పంచె నేత కనబడుతోందా అన్నవి ఆ తర్వాత చూడండి. చీకటి భాగంలో వివరం ముందుగా పోయేది నల్ల గుడ్డలోనే.

దినపత్రిక ఎందుకు?

తెలుగు అక్షరాలకు మించిన చార్టు నాకు దొరకలేదు. "ద"కి కింద చిన్న గీత పెడితే "ధ", ఆ "ధ" లోపల చుక్క పెడితే "థ". కెమెరా గ్రెయిన్స్ (చీకట్లో బొమ్మ మీద ఇసకలా కనబడే చుక్కలు) అణచడానికి బొమ్మని పాలిష్ పట్టేసినప్పుడు మొదట మాయమయ్యేది ఆ చుక్కే. పేపరుని ఆరు అడుగుల దూరంలో నిలబెట్టి, హెడ్డింగు, ఉపశీర్షిక, లోపలి చిన్న అక్షరాలు మూడూ ఫ్రేములో పట్టేలా తీయండి. 60 లక్స్‌లో "అర్థం"లో చుక్క కనబడి, 15 లక్స్‌లో అది "అర్ధం" అయిపోయిందంటే, ఆ మధ్యలో కెమెరా ఏం పారేసిందో మీకు తెలిసిపోయినట్టే. ఒత్తులు, వట్రుసుడి కూడా అలాగే గమనించండి.

ఏ సెట్టింగులతో తీయాలి?

మొదట ఒకసారి పూర్తి ఆటోలో తీయండి. కెమెరా తనంతట తాను ఏం నిర్ణయిస్తుందో తెలియాలి. తర్వాత అన్నీ మాన్యువల్.

కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, కదలిక సరిచేసే స్టెబిలైజర్ ఆపేయండి. షట్టర్ 1/50. ఐరిస్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరవండి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా రంగు సరిచేసేది) తెల్ల పంచె మీద పట్టి అక్కడే ఉంచేయండి. ఫోకస్ చేత్తో పట్టి వదిలేయండి. ఇక మార్చాల్సింది గెయిన్ ఒక్కటే. 0, 6, 12, 18, 24 ఇలా ఆరేసి డెసిబెల్స్ చొప్పున పెంచుతూ ఒక్కోదానికి 20 సెకన్లు తీయండి. 6 డెసిబెల్స్ పెంచితే బొమ్మ వెలుగు రెట్టింపవుతుంది, అంటే ఒక స్టాప్. 18 దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదింతలు. వెలుగు పెరిగిందంటే సెన్సర్ మీద పడే కాంతి పెరిగిందని కాదు. ఉన్న కొద్దిపాటి సిగ్నల్‌నే సాగదీస్తున్నాం, దాంతోపాటు అందులోని చెత్త కూడా సాగుతుంది.

ప్రతి క్లిప్ మొదట్లో "పదిహేను లక్స్, పన్నెండు గెయిన్, షట్టర్ యాభై" అని గట్టిగా చెప్పండి. మైక్‌లో రికార్డవుతుంది. మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఇది ఏ క్లిప్ అని తల పట్టుకోనక్కర్లేదు. కాగితం మీద రాసుకుందామనుకుంటే చీకట్లో సగం తప్పులే పడతాయి.

పాత కెమెరా ఉంటే దాన్ని కొత్తదాని పక్కనే పెట్టి, అవే సెట్టింగులతో అదే క్షణంలో తీయండి. నా మాటగా ఇదొక్కటి గుర్తుంచుకోండి. కొత్త కెమెరా విడిగా చూస్తే ఎప్పుడూ బాగానే కనబడుతుంది.

షట్టర్ 1/50 అనే ఎందుకు? 1/25కి తగ్గిస్తే వెలుగు రెట్టింపవుతుంది కదా?

అవుతుంది. కానీ దానికి మీరు కట్టే మూల్యం ఏమిటో నేను ఒక పెళ్లిలో చూశాను.

కొన్నేళ్ల కిందట ఒక పల్లెటూళ్లో పెళ్లి. ముహూర్తం రాత్రి రెండు దాటాక. కొత్త క్యామ్‌కార్డర్ రెండు రోజుల ముందే చేతికొచ్చింది, పరీక్ష పెట్టుకునే తీరిక లేక నేరుగా పట్టుకెళ్లాను. జీలకర్ర బెల్లం అయ్యాక కరెంటు పోయింది. జనరేటర్ వేశారు, కానీ దాని మీద మండపంలో రెండు లైట్లే వెలిగాయి. కెమెరా ఆటోలో ఉంది. చిన్న తెర మీద బొమ్మ వెలుగ్గానే కనబడింది, నేను ధైర్యంగా తీసేశాను. మిక్సింగ్‌కి, అంటే ఎడిటింగ్‌కి, కూర్చున్నప్పుడు చూస్తే తలంబ్రాలు ఒక్క గింజ కూడా గింజలా లేదు. అన్నీ తెల్లటి దారాల్లా సాగిపోయాయి. పెళ్లికూతురి చెయ్యి పైకి లేచినప్పుడల్లా రెండు చేతుల్లా కనబడుతోంది. వెలుగు తగ్గగానే కెమెరా నాకు చెప్పకుండా షట్టర్‌ని 1/25కి దించేసింది.

పెళ్లికూతురి నాన్నగారు క్యాసెట్టు చూసి, "ఏం బాబూ, బియ్యం కనబడటం లేదేమిటి?" అని నెమ్మదిగా అడిగారు. కోప్పడినా బాగుండేది. తలంబ్రాలు మళ్లీ పోయించి తీయలేం కదా. ఆ రోజు నుంచి పరీక్ష చేయని కెమెరాని మండపం ఎక్కించలేదు.

కాబట్టి మెనూలో "ఆటో స్లో షట్టర్" అనేది ఎక్కడుందో వెతికి ఆపేయండి. ఆపాక పరీక్షగా ఎవరినైనా గుప్పెడు బియ్యం పళ్లెంలోకి పోయమనండి. 15 లక్స్‌లో 1/50తో ఒకసారి, 1/25తో ఒకసారి. ఒక్కసారి చూస్తే ఇంకెవరూ మీకు చెప్పనక్కర్లేదు. కదలకుండా కూర్చున్న పెద్దవాళ్లనో, గుడి గోపురాన్నో తీసేటప్పుడు 1/25 వాడుకోవచ్చు. కదిలేది ఏదున్నా వద్దు.

బొమ్మ మీద నల్లటి పట్టీలు పైకీ కిందికీ పోతున్నాయి. కెమెరా పాడైందా?

చాలాసార్లు పాడవలేదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే ఆ మినుకు కలిసిపోయి కనబడదు. 1/60 పెడితే పట్టీలు వస్తాయి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కెమెరాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. అక్కడ 60 హెర్ట్జ్ కాబట్టి, కెమెరా 60 ఫ్రేముల పద్ధతికి కట్టుబడి ఉంటుంది. మెనూలో 50 పద్ధతికి మార్చుకునే వీలుందో లేదో కొనకముందే చూడండి. మార్చలేనిదైతే షట్టర్ 1/100కి పెట్టుకోవాలి. అలా పెడితే చీకట్లో దాదాపు ఒక స్టాప్ వెలుగు నష్టపోతారు.

స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరల సంగతి వేరు. వాటి మినుకుకు ఒక లెక్కంటూ ఉండదు. షట్టర్‌ని చిన్న చిన్న మెట్లుగా మార్చే సదుపాయం ఉన్న కెమెరాల్లో దాన్ని కదుపుతూ పట్టీ ఎక్కడ ఆగితే అక్కడ ఉంచాలి.

జూమ్ చేయగానే చీకటి పడిపోతోంది, ఎందుకని?

లెన్సు తీరే అంత. ఉదాహరణకు సోనీ ఎఫ్‌డీఆర్ ఏఎక్స్ 700 తీసుకోండి. దాని లెన్సు మీద ఎఫ్ 2.8 నుంచి 4.5 అని ఉంటుంది. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. జూమ్ లేనప్పుడు 2.8, పూర్తిగా లాగితే 4.5. ఈ రెంటికీ మధ్య సెన్సర్ మీద పడే వెలుతురు రెండున్నర రెట్లకు పైగా తగ్గుతుంది. కొన్ని చిన్న హ్యాండీక్యామ్‌లలో 1.8 నుంచి 4కి పోతుంది, అంటే సుమారు ఐదో వంతు వెలుతురే మిగులుతుంది.

అందుకే పైన చెప్పిన పరీక్ష అంతా వైడ్‌లో (జూమ్ లేకుండా) ఒకసారి, జూమ్ చివరన ఒకసారి చేయాలి. పెళ్లిలో మనం జనం వెనక నిలబడి మంగళసూత్రం మీదికి జూమ్ చేస్తాం. వైడ్‌లో మాత్రమే పరీక్షించి తృప్తిపడితే, సరిగ్గా అక్కడే దెబ్బతింటాం. వీలైనప్పుడల్లా నాలుగడుగులు ముందుకు వేసి వైడ్‌లో తీయడమే మేలు. పురోహితుడి పక్కన చోటు ముందే మాట్లాడి పెట్టుకోండి.

గ్రెయిన్స్ ఎంతవరకు ఉంటే పర్వాలేదు?

గ్రెయిన్స్ అన్నీ ఒకలాంటివి కావు. ఇసక చల్లినట్టు సన్నగా, సమానంగా ఉండేది కన్ను భరిస్తుంది. నల్లటి చోట్ల ఎరుపు, ఆకుపచ్చ మచ్చలు పాకుతూ కనబడితే అది భరించలేం, ముఖ్యంగా జుట్టు దగ్గర. ఇక మూడోది అసలు గ్రెయిన్స్ కాదు, గ్రెయిన్స్ తుడిచేసిన గుర్తు. ముఖం మైనం బొమ్మలా నున్నగా అయిపోతుంది, కనుబొమల్లో వెంట్రుకలు కలిసిపోతాయి, మనిషి కదిలితే వెనక తోకలా నీడ సాగుతుంది. కొత్త కెమెరాల్లో ఈ మూడోదే ఎక్కువ. షాపులో చూసి "ఒక్క గ్రెయిన్ కూడా లేదండీ" అని మురిసిపోయేవాళ్లు దీన్నే చూసి మురుస్తారు. నేనైతే కాస్త గ్రెయిన్ ఉన్నా కనుబొమ కనబడే కెమెరానే తీసుకుంటాను.

నాలుగోది గడులు. నీడ ఉన్నచోట చదరపు ముక్కలు కొట్టుకుంటున్నట్టు కనబడతాయి. అది సెన్సర్ తప్పు కాదు, బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకి వాడే డేటా) చాలకపోవడం. గ్రెయిన్స్ ప్రతి ఫ్రేములోనూ మారతాయి కాబట్టి వాటిని కుదించడం కెమెరాకు కష్టం. ఏవీసీహెచ్‌డీ అనే రికార్డింగ్ పద్ధతిలో గరిష్ఠంగా సెకనుకు 24 లేదా 28 మెగాబిట్లే ఉంటాయి. రాత్రి పనికి మీ కెమెరాలో ఉన్న అన్నిటికంటే ఎక్కువ బిట్‌రేట్ పెట్టుకోండి. కార్డు ఇంకోటి కొనుక్కున్నా నష్టం లేదు.

కెమెరా తెర మీద బాగుంది, టీవీలో వేస్తే ఘోరంగా ఉంది.

మూడంగుళాల తెర మీద గ్రెయిన్స్ కనబడవు. పైగా చీకట్లో మన కంటిపాప విచ్చుకుని ఉంటుంది కాబట్టి ఆ తెర ఉన్నదానికంటే వెలుగ్గా అనిపిస్తుంది. వెలుగు ఎంతుందో తెలియడానికి హిస్టోగ్రామ్‌నో (వెలుగుని చూపే గ్రాఫు) జీబ్రా గీతల్నో (మరీ వెలుగైన చోట తెర మీద వచ్చే చారలు) నమ్మండి. నాణ్యతకు మాత్రం పెద్ద టీవీలోనే చూడాలి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ పెట్టుకుని ఇంగ్లీష్ "ఈ" మీట నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది. తలంబ్రాల పరీక్షకు అలా చూడండి.

సెన్సర్ పెద్దదైతే చీకట్లో బాగా వస్తుందంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. ఒక అంగుళం రకం అని పిలిచే సెన్సర్ నిజానికి 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 ఎత్తు. 1/2.3 రకం దాంట్లో నాలుగో వంతు విస్తీర్ణమే. అంటే ఒకే లెన్సు ఎఫ్ అంకె దగ్గర పెద్దదానికి సుమారు రెండు స్టాపుల లాభం. ఆ లాభాన్ని లెన్సు తినేయగలదు. పెద్ద సెన్సర్ ఎఫ్ 4.5తో, చిన్న సెన్సర్ ఎఫ్ 1.8తో పోటీపడితే ఆ లాభమంతా పోయి చిన్నదే కాస్త ముందుంటుంది. అందుకే సెన్సర్ సైజు ఒక్కటే చూసి డబ్బు పెట్టొద్దు.

ఫోకస్ పరీక్ష ఎలా?

గదిలో 15 లక్స్ పెట్టి, ఫోకస్ ఆటోలో ఉంచి, ఒక మనిషిని గది చివర నుంచి కెమెరా వైపు మామూలు నడకతో రమ్మనండి. బొమ్మ ముందుకీ వెనక్కీ ఊగుతోందా, ఎన్ని క్షణాల్లో కుదురుకుంటోంది అన్నది చూడండి. తర్వాత ఆ మనిషి చేతిలో వెలిగించిన దీపం పెట్టి మళ్లీ నడవమనండి. కొన్ని కెమెరాలు ముఖాన్ని వదిలేసి దీపం జ్వాలని పట్టుకుంటాయి. హారతి తీసేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. అలా చేసే కెమెరాతో హారతి సమయంలో ఫోకస్ చేత్తోనే పట్టాలి, కాబట్టి ఫోకస్ రింగు చేతికి ఎలా తగులుతుందో కూడా చీకట్లోనే అలవాటు చేసుకోండి.

రంగుల సంగతి?

60 లక్స్‌లో కుంకుమ ఎర్రగా ఉందా, 4 లక్స్‌లో ఇటుక రంగుకి పోయిందా చూడండి. పసుపు తెల్లబడుతుంది, జరీ బూడిద రంగుకి తిరుగుతుంది. చాలా కెమెరాలు గెయిన్ పెరిగినకొద్దీ రంగుని తగ్గించేస్తాయి, మచ్చలు కనబడకుండా ఉండటానికి.

ఆటో వైట్ బ్యాలెన్స్‌ని దీపం వెలుగులో విడిగా పరీక్షించండి. కాంతి రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గినకొద్దీ ఎరుపు ఎక్కువ. నూనె దీపం రంగు 2000 కెల్విన్‌కి దగ్గరలో ఉంటుంది, మన తెల్ల ట్యూబ్‌లైట్ 6500. అంత దిగువకు చాలా కెమెరాల ఆటో అందుకోలేదు, బొమ్మ నారింజ పండు రంగుకి తిరుగుతుంది. దీపాల దృశ్యానికి కొంచెం ఆ ఛాయ ఉంటేనే అందం, అది నా ఇష్టం. కానీ ముఖాలు కూడా అలా అయిపోతే బాగోదు.

పాత సోడియం వీధి దీపాల కింద పరీక్ష పెట్టి కెమెరాని తిట్టకండి. ఆ దీపం ఇచ్చేది దాదాపు పసుపు ఒక్కటే. లేని రంగుని ఏ కెమెరా చూపించలేదు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఎల్‌ఈడీలు వచ్చేశాయి కాబట్టి ఈ బాధ తగ్గింది.

లెన్సుకి మూత పెట్టి తీయమంటారు, అదేం పరీక్ష?

చాలా విలువైన పరీక్ష, ఖర్చు లేనిది. కెమెరా ఆన్ చేసి అరగంట వేడెక్కనివ్వండి. మూత పెట్టి, గెయిన్ చివరిదాకా పెంచి, ఒక నిమిషం రికార్డు చేయండి. టీవీలో వేసి చూడండి. కదలకుండా ఒకేచోట వెలిగే తెల్ల, ఎర్ర, నీలి చుక్కలుంటే అవి చెడిపోయిన పిక్సెళ్లు. ఒక మూల ఊదారంగు కాంతి కమ్మినట్టుంటే సెన్సర్ పక్కనున్న సర్క్యూట్ వేడి. చివరి గెయిన్‌లో ఒకటి రెండు చుక్కలు మామూలే. 12 దగ్గరే కనబడితే వారంటీలో తిరిగివ్వండి. కొన్ని ప్రొఫెషనల్ కెమెరాల్లో బ్లాక్ బ్యాలెన్స్ అని ఒక సదుపాయం ఉంటుంది. ముందు అది నడిపించి మళ్లీ చూడండి.

నైట్‌షాట్ ఉంది కదా, అది చాలదా?

అది పరారుణ కాంతితో తీసేది. రంగులుండవు, నల్ల చీర కూడా ఒక్కోసారి తెల్లగా వస్తుంది. పొలంలో రాత్రి పిట్టల్ని, జంతువుల్ని తీయడానికి బాగుంటుంది. మనుషుల వేడుకకు కాదు.

నా ఫోనే చీకట్లో బాగా తీస్తోంది. క్యామ్‌కార్డర్ ఎందుకు?

కొన్ని సందర్భాల్లో మీరన్నది నిజమే. కొత్త ఫోన్ల ప్రధాన లెన్సుకు ఎఫ్ అంకె చిన్నది, లోపల ప్రాసెసింగ్ కూడా బలమైనది. దగ్గర నుంచి, వైడ్‌లో, రెండు నిమిషాలు తీయాలంటే ఫోన్ గెలవొచ్చు. మూడు గంటలు ఆగకుండా తీయాలంటే, జనం వెనక నుంచి జూమ్ చేయాలంటే, మైకు వైరు తగిలించాలంటే క్యామ్‌కార్డర్ కావాలి. పరీక్షలో ఫోన్‌ని కూడా మూడో కెమెరాగా నిలబెట్టండి, తెలుస్తుంది.

షాపులో పది నిమిషాలే ఇచ్చారు. ఏం చూడాలి?

షాపు లైట్లలో ఏ కెమెరా అయినా మెరుస్తుంది. మీ కార్డు మీరు తీసుకెళ్లండి. కౌంటర్ కింద అరలోకి, బల్ల కిందికి కెమెరా తిప్పండి. అక్కడ సహజంగానే చీకటి ఉంటుంది. గెయిన్ 12, 18 పెట్టి వైడ్‌లో, జూమ్‌లో చెరో పది సెకన్లు. మూత పెట్టి పది సెకన్లు. ఆటో స్లో షట్టర్ ఆపే వీలుందా అని మెనూలో చూడండి. కార్డు ఇంటికి తెచ్చి టీవీలో చూశాకే డబ్బు కట్టండి. కార్డులో తీసుకోనివ్వం అని నాతో ఒక షాపువాళ్లు అన్నారు, నేను అక్కడ కొనకుండా వచ్చేశాను.

గ్రెయిన్స్‌ని మిక్సింగ్‌లో తీసేయొచ్చు కదా?

సన్న గ్రెయిన్స్ కొంతవరకు తీయొచ్చు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డబ్బు కట్టి కొనే వెర్షన్‌లో దానికి మంచి సాధనం ఉంది. కానీ కెమెరా ముందే తుడిచేసిన కనుబొమని, సాగిపోయిన బియ్యం గింజని ఏదీ వెనక్కి తేలేదు. మూడు గంటల పెళ్లికి ఆ పని పెడితే కంప్యూటర్ రోజుల తరబడి నలుగుతుంది.

లైటు వేసేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

మండపంలో వేయండి, వేయాలి. కానీ కెమెరా మీద పెట్టిన లైటు సూటిగా పెళ్లికొడుకు కళ్లలో పడితే అతను అరగంట కళ్లు చికిలిస్తూనే ఉంటాడు, అదే వీడియోలో జీవితాంతం ఉంటుంది. హోమం పొగ లేచినప్పుడు ఆ లైటు పొగనే వెలిగిస్తుంది, వెనక మనుషులు తెల్లగా కప్పుకుపోతారు. లైట్ బాయ్‌ని పక్కన, కొంచెం ఎత్తులో నిలబెట్టండి. కొన్నిచోట్ల లైటు వేయలేం కూడా. అరుంధతీ నక్షత్రం చూపించేటప్పుడు దంపతుల్ని పందిరి బయటికి తీసుకొస్తారు. అప్పుడు వాళ్ల ముఖాల మీద లైటు కొడితే ఆ ఘట్టమే చెడిపోతుంది. వెనక పందిరి నుంచి వచ్చే ఆ కాస్త వెలుతురులోనే వాళ్లు తలెత్తి పైకి చూడటం తీయాలి. నా 4 లక్స్ మెట్టు దానికోసమే.

ఫలితాలు ఏం చేసుకోవాలి?

అన్ని క్లిప్పులూ టీవీలో వేసి, ఇంట్లో వీడియో గురించి ఏమీ తెలియనివాళ్లని ఒకరిని కూర్చోబెట్టండి. గెయిన్ ఎంతో చెప్పొద్దు. "ఇది బాగుందా?" అని మాత్రం అడగండి. వాళ్లు ఎక్కడ మొహం చిట్లిస్తారో అక్కడికి ఒక మెట్టు కిందే మీ హద్దు. ఆ అంకెని తెల్ల టేపు మీద రాసి కెమెరా పక్కన అతికించండి. నా కెమెరా మీద రెండు అంకెలున్నాయి. వైడ్‌కి 18, జూమ్‌కి 12. ముహూర్తం టెన్షన్‌లో, భజంత్రీల హోరులో ఆలోచించే తీరిక ఉండదు. టేపు చూసుకుని, అంకె దాటాల్సొస్తే గెయిన్ మీద చెయ్యి వేయకుండా లైట్ బాయ్‌ని పిలుస్తాను.